నల్గొండ నుంచి మూడు గంటల కార్ట్ రేసుకు: ట్రాక్ దొరికేదాకా, క్లాసు తేలేదాకా

జూన్ 22, ఆదివారం నాడు హైదరాబాద్ శివారులోని ఒక ట్రాక్ మీద మూడు గంటల ఎండ్యూరెన్స్ కార్ట్ రేసు పూర్తి చేశాం. కార్ట్ అంటే నేలకు దగ్గరగా ఉండే చిన్న నాలుగు చక్రాల రేసు బండి, ఎండ్యూరెన్స్ అంటే ఎక్కువసేపు సాగే రేసు. నలుగురం, ఒక టీం. పదకొండు టీముల్లో ఏడో స్థానం. రేసు మూడు గంటలే గానీ అక్కడిదాకా చేరడానికి సంక్రాంతి నుంచి పట్టింది. అందులో నడపడానికి పోయిన టైం తక్కువ. ఎక్కడ నడపాలి, ఏ క్లాసులో (పోటీ విభాగంలో) నడపాలి అన్న రెండు ప్రశ్నలకే నెలలు కరిగిపోయాయి. మా జిల్లాల్లో ఎవరికైనా ఈ పిచ్చి ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

నాకు నల్గొండ గడియారం సెంటర్ దగ్గర టూవీలర్ స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. మా బామ్మర్ది మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఫిట్టర్. మూడో అతను దేవరకొండ దోస్తు, బక్క మనిషి. నాలుగో అతనిది మహబూబ్‌నగర్, పోలేపల్లి సెజ్‌లో మెయింటెనెన్స్ ఉద్యోగం. బీటెక్ రోజుల్లో కాలేజీ టీంతో కలిసి కార్ట్ తయారుచేసి ఒక పోటీకి కూడా వెళ్లొచ్చాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, పెద్ద పంచాయతీ దీని దగ్గరే వచ్చింది.

సంక్రాంతికి మా బామ్మర్ది సొంతంగా ఒక కార్ట్ తయారు చేశాడు. పైపులు వంచి వెల్డింగ్ చేసిన ఫ్రేము, వెనక ఒకే ముక్క ఇరుసు, దానికి చైనుతో కలిపిన పాత ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్. గేరు మార్చడానికి సీటు పక్కన ఇనుప రాడ్డు. యూట్యూబ్‌లో అమెరికా ఎండ్యూరో కార్టులు చూసి వచ్చిన ఆలోచన అది. అక్కడ డ్రైవరు కూర్చోడు, దాదాపు వెల్లకిలా పడుకుని నడుపుతాడు. బండికి ఇరువైపులా పెట్రోల్ ట్యాంకులు. డేటోనా, రోడ్ అమెరికా లాంటి పెద్ద కార్ల సర్క్యూట్ల మీద ఏకబిగిన ముప్పావు గంట రేసు. మా ఇంట్లో ఆ వీడియో చూసి, "పండుకొని నడిపేదానికి రేసెందుకు, మంచం సరిపోదా" అన్నారు.

బామ్మర్ది వాదన ఒక్కటే. "బావా, గాళ్లు ఎక్కువ వాడేది యమహా కేటీ100. మనది ఆర్‌ఎక్స్100. రెండూ యమహానే, రెండూ నూరు సీసీలే. ఇగ తేడా ఏముంది?"

తేడా చాలా ఉంది. కేటీ100 మొదటి నుంచీ కార్ట్ కోసమే తయారైన ఇంజిన్, దానికి గేర్లుండవు. ఆ ఒక్క ఇంజిన్ మీదే అక్కడ రకరకాల క్లాసులు నడుస్తాయి. డబ్బా సైలెన్సర్ పెడితే ఒక క్లాసు, ట్యూన్డ్ పైపు పెడితే ఇంకొకటి, డ్రైవరుతో కలిపి బండి బరువును బట్టి మళ్లీ వేరు. అంటే బండి తయారుచేసి క్లాసు వెతకడం కాదు, క్లాసు రూల్ చదివి బండి తయారు చేస్తారు. ఈ మాట బామ్మర్దికి నేను చెప్తే ఎక్కలేదు. ట్రాకుల వాళ్లు చెప్తే ఎక్కింది.

జనవరి చివరి వారం నుంచి ఫోన్లు మొదలుపెట్టాం. హైదరాబాద్ చుట్టుపక్కల కార్టింగ్ చోట్లన్నిటి నుంచీ ఒకటే సమాధానం: "బయటి బండి లోపలికి రానివ్వం సార్." అవి అద్దె కార్టుల వ్యాపారాలు. వాళ్ల బండ్లకు చుట్టూ ప్లాస్టిక్ బంపరు ఉంటుంది, అన్నీ ఒకే వేగంతో పోతాయి. మధ్యలో గేర్ల బండి దూరితే వాళ్ల ఇన్సూరెన్స్ ఒప్పుకోదు. ఒక్క చోట మాత్రం, మామూలు రోజు పొద్దున గేట్లు తెరవకముందు సొంత బండికి ఇస్తామన్నారు, కానీ కంపెనీ ఫ్రేము ఉండాలట. "ఫ్రేము ఎవరిది?" అని అడిగారు. "మాదే" అన్నాడు బామ్మర్ది గర్వంగా. ఫోన్ అక్కడితో కట్.

పెద్ద సర్క్యూట్లనూ వదల్లేదు. మనకు దగ్గర్లో ఉన్నవి తమిళనాడువే. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ట్రాక్ 3.7 కిలోమీటర్లు. పడుకుని నడిపే కార్టుకు అలాంటి నిడివి కావాలి. ఫిబ్రవరి మొదట్లో ఒకచోటికి మెయిల్ పెడితే తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది, మర్యాదగానే. రేసు రోజైతే ఆ రేసు నియమావళిలో మీ బండి క్లాసు ఉండాలి, అలాంటి క్లాసు లేదు. ప్రైవేటుగా అయితే ట్రాక్ మొత్తం రోజు అద్దెకు తీసుకోండి, అంబులెన్సు, ట్రాక్ మీద జెండాలు చూపే మార్షల్స్ ఖర్చు అదనం. వాళ్లు రాసిన అంకె మా నలుగురి జేబులు దులిపినా రాదు.

ఇక మిగిలింది రోటాక్స్, అంటే ఆ కంపెనీ ఇంజిన్లతోనే జరిగే కార్ట్ రేసులు. మన దేశంలో సొంత కార్టుతో పద్ధతిగా రేసు చేయాలంటే ఎక్కువగా నడిచే దారి ఇదే. 125 సీసీ టూ స్ట్రోక్, వాటర్ కూలింగ్, సీనియర్ ఇంజిన్‌కు దాదాపు 30 హార్స్‌పవర్. ఏడెనిమిదేళ్ల పిల్లలకు మైక్రో మ్యాక్స్, పన్నెండు దాటితే జూనియర్, ఆ పైన సీనియర్. ఇంజిన్‌కు సీలు వేసి ఉంటుంది, దాన్ని అధీకృత సర్వీస్ సెంటర్ వాళ్లే విప్పాలి. స్పేర్ పార్ట్స్ అమ్మి బతికే నాకు, ఇంజిన్‌ను రోజూ విప్పి బిగించే బామ్మర్దికి ఈ సీలు సంగతి వినగానే ఉత్సాహం సగం చచ్చింది. పైగా జాతీయ పోటీకి దేశంలో మోటార్ రేసులు చూసుకునే సంఘమైన ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు ఉండాలి, టైర్లు ఎప్పటికప్పుడు కొత్తవి కావాలి, బండిని ప్రతిసారీ బెంగళూరుకో చెన్నైకో మోసుకుపోవాలి. పదేళ్ల కొడుకు ఉన్న తండ్రి ఈ లెక్క వేసుకోవచ్చు. నడివయసు షాపు ఓనరు వేసుకోకూడదు.

ఈ లోపు సొంత కార్టును ఎక్కడో ఒకచోట తిప్పాలిగా. అందరూ ఇచ్చే సలహా వెంచర్ రోడ్లు. చౌటుప్పల్ నుంచి షాద్‌నగర్ దాకా ఎటు చూసినా ప్లాట్లు కొట్టి, బీటీ రోడ్లు వేసి, ఒక్క ఇల్లూ లేని వెంచర్లే. ఒకటి చూసి వచ్చాం. రోడ్డు బాగుంది. కానీ అంచున కంకర, ప్రతి మూలకూ ప్లాటు నంబరు రాయి, అది సరిగ్గా కార్టులో కూర్చున్న మనిషి నడుము ఎత్తు. వద్దనుకున్నాం.

చివరికి బామ్మర్ది పనిచేసే మిల్లు సేటే దయ తలచాడు. మిల్లు వెనక ఉడికిన వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం ఉంది. డ్రయ్యర్లు వచ్చాక దాని వాడకం తగ్గింది. ఫిబ్రవరి నడిమి నుంచి ఆదివారాలు అక్కడే. పాత టైర్లు పేర్చి మలుపులు పెట్టుకున్నాం. నేల మీద ఊక బూడిద పల్చగా పరుచుకుని ఉంటుంది, ఎంత ఊడ్చినా మళ్లీ గాలికి వచ్చి పడుతుంది. దాని మీద బండి జారే తీరు చూస్తే నవ్వూ భయమూ కలిసి వచ్చేవి. కానీ అసలు పాఠం అక్కడే దొరికింది. కార్ట్ వెనక ఇరుసు ఒకే ముక్క, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలి. మలుపులో లోపలి చక్రం కాస్త గాల్లోకి లేస్తేనే బండి తిరుగుతుంది. అది లేవకపోతే ముందుకే ఈడ్చుకుపోతుంది. బ్రేకు వెనక ఇరుసుకు ఒక్కదానికే. ఎడమ కాలు బ్రేకు, కుడి కాలు యాక్సిలరేటరు. బైకు నడిపిన కాళ్లకు ఇది అలవాటు కావడానికి మార్చి మొత్తం పట్టింది.

ఏప్రిల్ మొదటి వారంలో యాసంగి వడ్లు దిగాయి. లారీలు వరుస కట్టాయి, కల్లం నిండింది, మా ట్రాక్ మూతబడింది. సేటు నవ్వుతూ "మళ్ల దసరాకు రాండ్రి" అన్నాడు.

అప్పుడే సెజ్ దోస్తు అద్దె కార్టుల ఎండ్యూరెన్స్ సంగతి చెప్పాడు. బండి వాళ్లదే, పెట్రోలు వాళ్లదే. మనం టీముగా వెళ్లి వంతులవారీగా మూడు గంటలు నడపాలి. బండ్లన్నీ 270 సీసీ హోండా జీఎక్స్ ఇంజిన్లవి, 9 హార్స్‌పవర్ అంటారు. "గింతేనా" అన్నాడు బామ్మర్ది. ఒక రోజు పది నిమిషాలు నడిపి దిగాక ఆ మాట మళ్లీ అనలేదు. స్టీరింగ్ తిప్పీ తిప్పీ ముంజేతులు బిగుసుకుపోయి, మంచినీళ్ల సీసా మూత కూడా నన్ను తియ్యమన్నాడు.

ఏప్రిల్, మే నెలల్లో ప్రాక్టీసు. పది నిమిషాలకు ఎనిమిది వందలు. శని, ఆదివారాల్లో పుట్టినరోజు పార్టీల పిల్లలతో ట్రాక్ నిండిపోతుంది, పోవడం దండగ. మంగళ, బుధవారాల్లో పదకొండింటికి తెరవగానే వెళ్తే దాదాపు ఖాళీ. నార్కట్‌పల్లి మీదుగా పంతంగి టోల్ దాటి, ఔటర్ ఎక్కి పోయేసరికి రెండు గంటలు. ఆ రోజు షాపు సంగతి మా ఆవిడే చూసుకుంది. ఆమె లెక్కలో దీనికి వేరే ఖాతా ఉంది, అది ఇక్కడ రాయడం లేదు.

మే 5న టీం పేరు నమోదు చేశాం. ఎంట్రీ నలుగురికీ కలిపి 34,000. దాంతోపాటు తిరిగి ఇచ్చే డిపాజిట్ 5,000. ఫారంలో రెండు క్లాసులు, ప్రో, అమెచ్యూర్. మేం అమెచ్యూర్ మీద టిక్కు పెట్టాం. రెండు రోజులకు మెయిల్ వచ్చింది: మీ టీంలో ఒకరు గతంలో పోటీలో పాల్గొన్నట్టు రాశారు, ఒక్కరికి రేసు అనుభవం ఉన్నా టీం మొత్తం ప్రో కిందికే వస్తుంది.

ప్రోలో ఉన్నదెవరో చూశాం. రోటాక్స్ నడిపిన కుర్రాళ్లు, వారం వారం అదే ట్రాక్ మీద ఉండేవాళ్లు. వాళ్ల ల్యాపు (ట్రాక్ చుట్టూ ఒక రౌండుకు పట్టే టైం) మా కన్నా మూడు సెకన్లు తక్కువ. మూడు సెకన్లంటే వినడానికి చిన్నగా ఉంటుంది గానీ, యాభై ఆరు సెకన్ల ల్యాపులో అది పద్దెనిమిది రౌండ్లకు ఒక పూర్తి రౌండు తేడా.

ఇక్కడ ఇంకో చిక్కు. నా హెల్త్ పాలసీ తీసి చదివితే, మోటార్ రేసింగ్ లాంటి సాహస క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొని దెబ్బ తగిలితే ఖర్చు ఇవ్వం అని ఉంది. ఏజెంటు "పేరుకు ప్రో క్లాసైనా మీరు ప్రొఫెషనల్ కాదు కదా అన్నా" అన్నాడు. ఆ మాటే మెయిల్‌లో రాసిమ్మంటే "చూస్తా" అన్నాడు. మా ఆవిడ మాత్రం ప్రో అని రాసిన కాగితం మీద నా సంతకం పడదని తేల్చేసింది.

సెజ్ దోస్తు తన కాలేజీ పోటీ రూల్ బుక్కు వెతికి పంపాడు. అది విద్యార్థుల డిజైన్ పోటీ. మార్కుల్లో సగం పైన బండి తయారీకి, ఖర్చు లెక్కకు, బ్రేకు పరీక్షకు. పైగా ఆ రోజు నడిపింది అతను కాదు, వెల్డింగ్ చేసింది అతను. ఇదంతా రాసి పంపాక పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే "కమిటీ చూస్తోంది". ఆ కమిటీ ఎవరో రేసు రోజు చూశాను, టైమింగ్ కంప్యూటర్ ముందు కూర్చున్న ఇద్దరు పిల్లలు. మే 17న అమెచ్యూర్ ఖాయమైంది.

డాక్టరు సర్టిఫికెట్ కావాలన్నారు. మా వీధి క్లినిక్‌లో మనిషికి మూడు వందలు. డాక్టరు గారు బీపీ చూసి, "కార్ట్ రేసంటే ఎడ్లా?" అని అడిగి, ఫోటో చూపించాక సంతకం పెట్టారు. బ్లడ్ గ్రూపు, రిజిస్ట్రేషన్ నంబరున్న స్టాంపు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. దేవరకొండ దోస్తు సర్టిఫికెట్‌లో స్టాంపు సరిగా పడలేదని వెనక్కి పంపారు.

రేసు అసలు జూన్ 8న. ఆ ఉదయం ఔటర్ మీద ఉండగానే వాన. పదకొండు దాకా చూసి వాయిదా అన్నారు. అద్దె కార్టులకు వాన టైర్లుండవు, నున్నటి టైర్లే. ఆ రోజు పెట్రోలు, టోలు, టిఫిన్లు నీళ్లపాలు. కొత్త తేదీ ఆ రాత్రికే మెసేజ్ పెట్టారు, అది మాత్రం మెచ్చుకోవాలి.

జూన్ 22న ఎనిమిదింటికల్లా హాజరు. మొదట తూకం. హెల్మెటు, గ్లవ్స్, షూతో కలిపి కనీసం 80 కిలోలుండాలి. నేను 88, ఎక్కువున్నందుకు ఏమీ తగ్గించరు. దేవరకొండ దోస్తు అన్నీ వేసుకుని 61. అతనికి ఐదు కిలోల సీసం ప్లేట్లు నాలుగు ఇచ్చారు. సీటు పక్కన పెట్టెలో నిలువుగా దించాలి. ప్లేటుకు పైన చిన్న కన్నం, అందులోంచి నైలాన్ తాడు. ఆ తాడు పట్టి లాగితేనే పైకి వస్తుంది, చేతులకు చెమట ఉంటే రాదు. ప్రతి పిట్‌లో (డ్రైవరు మారడానికి రేసు మధ్యలో పక్కకు వచ్చి ఆగడం) డ్రైవరే కాదు బండీ మారుతుంది, కాబట్టి అతని వంతు వచ్చినప్పుడల్లా ఇరవై కిలోలు ఒక బండిలోంచి తీసి ఇంకో బండిలో పడేయాలి. ఆ పని బామ్మర్దికి అప్పగించాం. మిల్లులో బస్తాలు చూసిన చేతులు.

రూల్స్ క్లుప్తంగా ఇవి. కనీసం ఐదు పిట్‌లు. ఎవరూ ఏకబిగిన నలభై నిమిషాలు దాటి నడపకూడదు. పిట్ గీత దాటి లోపలికి వచ్చినప్పటి నుంచి బయటికి పోయేదాకా మూడు నిమిషాలు తగ్గకూడదు. కొత్త బండి నంబరు సంచిలోంచి తీసిన బిళ్ల మీద ఉంటుంది. వేగంగా మార్చడం మీద పోటీ లేదు, లెక్కగా మార్చడం మీదే. ఒక టీం రెండు సెకన్లు ముందు బయటికి పోయి ఒక ల్యాపు పోగొట్టుకుంది. మేం షాపు గోడ గడియారం తెచ్చి పిట్‌లో ఆనించాం, ఫోన్ స్టాప్‌వాచ్ ఎండకు కనిపించదు.

పది గంటల పది నిమిషాలకు రేసు మొదలు. మొదటి వంతు సెజ్ దోస్తు. రెండోది నాది. బిళ్ల తీస్తే 7వ నంబరు బండి వచ్చింది, పిట్‌లో అంతా అయ్యో అన్నారు. మలుపు నుంచి లేవడానికి దానికి అంత బద్ధకం. ముందు బండిని పట్టుకోలేం, వెనకవాళ్లకేమో నీలం జెండా చూపిస్తే దారి వదలాలి. ముప్పై మూడు నిమిషాలు నీలం జెండాలు చూడటంతోనే సరిపోయింది. పది నిమిషాలకు ఎడమ పక్కటెముకలు సీటు అంచుకు రాసుకోవడం మొదలైంది. ముందే 3,500 పెట్టి రిబ్ జాకెట్ కొన్నాను, అది లేకపోతే సగంలో దిగేవాణ్ని. నీళ్లు తాగే వీలు లేదు. హెల్మెట్ లోపల చెమట కంట్లోకి కారుతుంది, తుడుచుకునే దారి లేదు. హెల్మెట్ కింద పల్చటి కాటన్ బట్ట కట్టుకోండి, నలభై రూపాయల ఖర్చు.

బామ్మర్ది వంతులో పసుపు జెండా, ఎవరో టైర్ల గోడలోకి దూరారు. జెండా ఉన్నంతసేపు దాటకూడదని మిల్లు కల్లంలోనే నూరు సార్లు చెప్పుకున్నాం. వాడు బుద్ధిగా వెనకే ఉన్నాడు, మా ముందున్న ఇద్దరు దాటి చెరో పది సెకన్లు శిక్ష తెచ్చుకున్నారు. ఆ ఒక్క చోటే మాకు ఒక స్థానం కలిసొచ్చింది. దేవరకొండ దోస్తుకు మంచి బండి పడింది. టీంలో అందరికన్నా వేగమైన ల్యాపు అతనిదే, 54 సెకన్ల చిల్లర. సీసం ఎక్కినా సన్నవాడు సన్నవాడే.

మొత్తం 171 ల్యాపులు. అమెచ్యూర్ క్లాసు వరకు చూస్తే ఆరు టీముల్లో మూడోది. చిన్న కప్పు ఇచ్చారు, ప్రస్తుతం మిల్లు ఆఫీసులో ఉంది, సేటు అడిగి పెట్టించుకున్నాడు. ఎంట్రీ, ప్రాక్టీసు, రిబ్ జాకెట్, దారి ఖర్చులు అన్నీ కలిపితే నాకు పడింది పద్దెనిమిది వేల పైన. నాలుగు రోజులు ఎడమ పక్కకు తిరిగి పడుకోలేకపోయాను.

ఆర్‌ఎక్స్ ఇంజిన్‌కు సూర్యాపేట నుంచి ఒకాయన మంచి రేటు పలికాడు, పాత బైకుకు వేసుకుంటాడట. బామ్మర్ది ఇవ్వనంటున్నాడు. దసరాకు కల్లం ఖాళీ అయితే మళ్లీ తిప్పుతాడట. వచ్చే ఎండ్యూరెన్స్ నవంబరులో అంటున్నారు, ఈసారి నాలుగు గంటలు. మూడో స్థానం వచ్చిన టీం అమెచ్యూర్‌లోనే ఉంటుందా, ప్రోకు పోతుందా అని మెయిల్ పెట్టాను. ఆ జవాబూ రాలేదు, ఐదు వేల డిపాజిట్టూ రాలేదు. ఫోన్ చేస్తే రెండింటికీ "ఈ వారంలో సార్" అంటున్నారు.